మానవ శాస్త్రం ద్వారా ప్రపంచ సంస్కృతులు: కొత్తగా మొదలుపెట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

రకరకాల సంస్కృతుల గురించి తెలుసుకోవాలనే ఆసక్తితో మానవ శాస్త్రం వైపు వచ్చేవాళ్ళకు మొదట్లో కలిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి ఇక్కడ జవాబులు రాశాను. కొన్నిటికి రెండు ముక్కలు చాలు. కొన్నిటికి మాత్రం కథంతా చెప్పక తప్పదు.

మానవ శాస్త్రంలో అసలు ఏం చదువుతారు?

మనిషిని అన్ని వైపుల నుంచీ చదువుతారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో దీన్ని నాలుగు శాఖలుగా చెప్పడం అలవాటు. మనిషి శరీరం, పరిణామం గురించి చెప్పేది జైవిక మానవ శాస్త్రం. తవ్వకాల్లో దొరికిన వస్తువుల ద్వారా గతాన్ని తెలుసుకునేది పురావస్తు శాస్త్రం. భాషను అది మాట్లాడే సమాజంతో కలిపి చూసేది భాషా మానవ శాస్త్రం. ఇప్పుడు బతుకుతున్న సమాజాల తీరుతెన్నులను చదివేది సాంస్కృతిక మానవ శాస్త్రం. బ్రిటన్‌లో ఈ చివరిదాన్ని సామాజిక మానవ శాస్త్రం అనడం ఎక్కువ. ఈ పేజీలో చాలావరకు దాని గురించే ఉంటుంది.

సోషియాలజీకీ దీనికీ తేడా ఏమిటి?

ఇప్పుడు పెద్ద తేడా లేదు. సోషియాలజీ పరిశ్రమలు, నగరాలు ఉన్న సమాజాలను పెద్ద సర్వేలతో చదవడంతో మొదలైంది. మానవ శాస్త్రం చిన్న సమాజాల మధ్య ఎక్కువ కాలం ఉండి చదవడంతో ఎదిగింది. ఇవాళ ఇద్దరూ ఆసుపత్రులను, బ్యాంకులను, వలసలను చదువుతున్నారు. పద్ధతిలో మొగ్గు మాత్రం ఇంకా అలాగే ఉంది.

సంస్కృతి అంటే పండగలు, దుస్తులు, నాట్యాలేనా?

అవి పైకి కనిపించే భాగం. 1871లో బ్రిటిష్ మానవ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టైలర్ ఇచ్చిన నిర్వచనాన్ని నేటికీ మొదటి పాఠంలో చెబుతారు. జ్ఞానం, నమ్మకం, కళ, నీతి, చట్టం, ఆచారం, ఇంకా సమాజంలో సభ్యుడిగా మనిషి సంపాదించుకునే అలవాట్లూ సామర్థ్యాలూ అన్నీ కలిసిందే సంస్కృతి అన్నాడాయన. ఇందులో గట్టిగా పట్టుకోవలసింది సభ్యుడిగా సంపాదించుకోవడం అనే విషయం. సంస్కృతి పుట్టుకతో రాదు, పెరుగుతూ నేర్చుకుంటాం. ఎంత బాగా నేర్చుకుంటామంటే, నేర్చుకున్నామన్న సంగతే మరిచిపోతాం.

మౌనాన్నే తీసుకోండి. ఎప్పుడు మాట్లాడకుండా ఉండాలి అనే దానికీ నియమాలు ఉంటాయా అని అనిపించవచ్చు. ఉంటాయి. కీత్ బాసో అనే పరిశోధకుడు అమెరికాలోని అరిజోనాలో పశ్చిమ అపాచీ ప్రజల మధ్య పనిచేసి, 1970లో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. కొత్త మనిషి ఎదురైనప్పుడు, ప్రేమలో పడిన తొలి రోజుల్లో, దూరపు బడి నుంచి పిల్లలు ఇంటికి తిరిగి వచ్చినప్పుడు, ఎవరైనా దుఃఖంలో ఉన్నప్పుడు అపాచీలు ఊరకే ఉంటారు. ఎదుటి మనిషి ఇప్పుడు ఎలా ఉన్నాడో, అతనితో తన సంబంధం ఏమిటో తేలని సందర్భాలివన్నీ. అది తేలేదాకా ఆగడమే మర్యాద. ఈ సంగతి తెలియని బయటివాళ్ళు వాళ్ళను ముభావులనో, గర్విష్టులనో అనుకున్నారు. నా దృష్టిలో దుస్తుల గురించి వంద ఫోటోలు చూడటం కంటే ఇలాంటి ఒక్క నియమాన్ని అర్థం చేసుకోవడం ఎక్కువ చదువు.

ఫీల్డ్‌వర్క్ అంటే ఏమిటి? ఎవరు మొదలుపెట్టారు?

పంతొమ్మిదో శతాబ్దపు పండితులు చాలామంది యాత్రికులు, మిషనరీలు, అధికారులు రాసిన నివేదికలను గదిలో కూర్చుని చదివి సిద్ధాంతాలు కట్టారు. ఫ్రాంజ్ బోవాస్ అనే పరిశోధకుడు 1883లో కెనడా ఉత్తరాన ఉన్న బాఫిన్ దీవికి వెళ్ళి ఇన్యుయిట్ ప్రజల మధ్య గడిపాడు. ఆ తర్వాత ఆయన శిష్యులు అమెరికాలో ఈ పద్ధతిని పాదుకొల్పారు. బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915-1918 మధ్య, న్యూగినీకి తూర్పున ఉన్న ట్రోబ్రియాండ్ దీవుల్లో రెండు విడతలుగా దాదాపు రెండేళ్ళు ఉన్నాడు. ఊరి మధ్యలో గుడారం వేసుకుని, అక్కడి భాష నేర్చుకుని, వాళ్ళ పనుల్లో కలిసి తిరిగి రాసుకున్నాడు. పాల్గొంటూ పరిశీలించడం అనే పద్ధతికి ఆయన పేరు అలా స్థిరపడింది.

కొన్నేళ్ళు ఎందుకు, నాలుగు వారాలు చాలవా అని అడుగుతారు. వ్యవసాయం ఉన్న చోట ఒక పంట చక్రం చూడటానికే ఏడాది పడుతుంది. పైగా మొదటి నెలల్లో మనుషులు అతిథికి చెప్పే మాటలే చెబుతారు. గొడవలు, అప్పులు, అలకలు బయటపడేది మీరు అక్కడ ఉన్నారన్న సంగతి వాళ్ళు పట్టించుకోవడం మానేశాకే.

ఒక ఉదాహరణ పూర్తిగా చెప్పగలరా?

ట్రోబ్రియాండ్ దీవుల గురించే చెబుతాను. రెండు దఫాలుగా చదివిన సమాజం కాబట్టి మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అక్కడ కులా అనే మార్పిడి ఉంది. సముద్రంలో వలయంలా పరుచుకున్న దీవుల మధ్య రెండు రకాల వస్తువులు తిరుగుతుంటాయి. ఎర్ర గవ్వల హారాలు గడియారం ముల్లు తిరిగే దిశలో, తెల్ల గవ్వల దండకడియాలు దానికి ఎదురు దిశలో. హారం వస్తే బదులుగా కడియం ఇవ్వాలి, అదీ వెంటనే కాదు, కొంత కాలం తర్వాత. వచ్చినదాన్ని ఎవరూ శాశ్వతంగా ఉంచుకోరు. కొన్నాళ్ళు దగ్గర పెట్టుకుని ముందుకు పంపాలి. వీటి కోసం పడవలు కట్టి, మంత్రాలు చదివి, ప్రమాదకరమైన సముద్రం దాటి వెళతారు. చాలా నగలను రోజూ ధరించరు కూడా.

బయటి నుంచి చూస్తే పనికిరాని వస్తువుల కోసం ప్రాణాలకు తెగించడమే. మలినోవ్‌స్కీ 1922లో ప్రచురించిన పుస్తకంలో దీని వెనుక ఉన్న అమరికను చూపించాడు. ప్రతి మంచి హారానికీ పేరు, చరిత్ర ఉంటాయి. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అందరికీ తెలుసు. అది కొన్నాళ్ళు నీ దగ్గర ఉందంటే నీ పేరు ఎక్కడో ఉన్న దీవుల్లో కూడా వినబడుతుంది. వేరే దీవిలో నీకు ఒక భాగస్వామి ఉంటాడు. అపరిచితుల మధ్య అతనే నీకు రక్ష. మామూలు సరుకుల బేరం కూడా అదే ప్రయాణంలో పక్కన జరుగుతుంది, కానీ కులా భాగస్వామితో బేరమాడటం తప్పు. వ్యాపారం, రాజకీయం, స్నేహం, మంత్రం, కీర్తి అన్నీ ఒకే పనిలో ఉన్నాయన్నమాట.

కథ అక్కడితో ఆగలేదు. 1971లో ఆనెట్ వీనర్ అవే దీవులకు వెళ్ళింది. ఎవరైనా చనిపోయాక జరిగే పంపకాల్లో ఆడవాళ్ళు ఎండిన అరటాకు కట్టలను, ఆకు పీచుతో చేసిన లంగాలను కుప్పలుగా పంచడం చూసింది. అది ఆడవాళ్ళ సంపద. చనిపోయిన మనిషి వంశం తన అప్పులన్నీ తీర్చి, తన పరువు నిలబెట్టుకునేది దానితోనే. అంతకుముందు అక్కడ రెండేళ్ళు ఉన్న మలినోవ్‌స్కీ దీనికి ప్రాధాన్యం ఇవ్వలేదు. సంపద, అధికారం అంటే మగవాళ్ళ పడవలే అన్న చూపు ఆయనది. 1976లో వీనర్ పుస్తకం వచ్చాక ట్రోబ్రియాండ్ సమాజాన్ని మళ్ళీ కొత్తగా చదవాల్సి వచ్చింది.

ఇద్దరు పరిశోధకులు రెండు రకాలుగా చెబితే ఎవరిని నమ్మాలి?

ముందు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో మాట్లాడారో చూడండి. అమెరికన్ పరిశోధకురాలు మార్గరెట్ మీడ్ 1925లో, ఇరవై మూడేళ్ళ వయసులో, పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులకు వెళ్ళింది. ఎదిగే వయసులో అమెరికన్ అమ్మాయిలు పడే టెన్షన్ సమోవా అమ్మాయిలకు పెద్దగా లేదని 1928లో రాసింది. మీడ్ 1978లో చనిపోయింది. 1983లో డెరెక్ ఫ్రీమన్ ఆమె చెప్పింది తప్పని, సమోవా సమాజంలో కట్టుబాట్లు చాలా గట్టివని పుస్తకం రాశాడు. మీడ్ పనిచేసింది తూర్పున మనువా దీవుల్లో, అమ్మాయిలతో. ఫ్రీమన్ పనిచేసింది పశ్చిమ సమోవాలో, వేరే దశాబ్దాల్లో, ఎక్కువగా హోదా ఉన్న మగవాళ్ళతో. తర్వాత ఆధారాలు పరిశీలించినవాళ్ళు మీడ్ మరీ సాధారణీకరించిందని ఒప్పుకుంటూనే, ఫ్రీమన్ దాడిలో కూడా పెద్ద లోపాలున్నాయని చూపారు. ఒకే సమాజంలో ముసలి నాయకుడికి కనిపించే ప్రపంచం, పదహారేళ్ళ అమ్మాయికి కనిపించే ప్రపంచం ఒకటి కావు. అందుకే ఒక పుస్తకం చదివాక దాని మీద వచ్చిన విమర్శ ఒక్కటైనా చదవమని గట్టిగా చెబుతాను.

సాంస్కృతిక సాపేక్షత అంటే ఎవరేం చేసినా సరే అనడమా?

కాదు. అది ముందుగా ఒక పద్ధతి. ఒక ఆచారాన్ని తీర్పు చెప్పే ముందు, దాన్ని పాటించేవాళ్ళ లెక్కలో దాని అర్థం ఏమిటో తెలుసుకోవాలి అంటుంది. అర్థం చేసుకోవడం వేరు, ఆమోదించడం వేరు.

బ్రిటిష్ మానవ శాస్త్రజ్ఞుడు ఎవాన్స్-ప్రిచర్డ్ 1937లో మధ్య ఆఫ్రికాలోని అజాండే ప్రజల చేతబడి నమ్మకాల గురించి రాసిన దాంట్లో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. ధాన్యపు గాదె కూలి దాని నీడలో కూర్చున్నవాళ్ళకు దెబ్బలు తగిలితే, అది చేతబడి అంటారు. గుంజలను చెదలు తిన్నాయని వాళ్ళకు తెలియకా? బాగా తెలుసు. మనుషులు ఎండకు తాళలేక నీడకు చేరారనీ తెలుసు. వాళ్ళు అడిగే ప్రశ్న వేరు: సరిగ్గా వీళ్ళే కూర్చున్నప్పుడు, సరిగ్గా ఆ క్షణాన ఎందుకు కూలింది? మనలో ఒకరు దాన్ని విధి అంటారు, ఇంకొకరు యాదృచ్ఛికం అంటారు. అజాండేలకు దానికి కారణం ఒక మనిషిలోని ద్వేషం. ఇది తెలిశాక చేతబడిని నమ్మనక్కర్లేదు. వాళ్ళు ఆలోచన లేనివాళ్ళన్న మాట మాత్రం ఇక అనలేం.

ఈ రంగంలోని వాళ్ళకే ఇది తేలిగ్గా తేలలేదు. 1947లో అమెరికన్ మానవ శాస్త్ర సంఘం, అప్పుడు తయారవుతున్న మానవ హక్కుల ప్రకటన పాశ్చాత్య విలువలనే అందరి మీదా రుద్దుతుందేమోనని అభ్యంతరం చెప్పింది. అదే సంఘం 1999లో మానవ హక్కులను సమర్థిస్తూ ప్రకటన చేసింది. రెండో నిర్ణయమే సరైనదని నా అభిప్రాయం. ఒక సంస్కృతిలో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి నోరు నొక్కబడుతుంది అని అడగకుండా దాన్ని గౌరవించడం కుదరదు.

కుటుంబం, పెళ్ళి అన్నిచోట్లా ఒకటే కదా?

చాలామందిని ఎక్కువ ఆశ్చర్యపరిచే అధ్యాయం ఇదే. చైనాలో యున్నాన్, సిచువాన్ సరిహద్దున లూగూ సరస్సు దగ్గర ఉండే మొసువో ప్రజల సంప్రదాయంలో స్త్రీ పురుషులు ఎవరి తల్లి ఇంట్లో వాళ్ళే ఉంటారు. మగవాడు రాత్రి తను ఇష్టపడిన స్త్రీ దగ్గరికి వెళ్ళి, తెల్లవారేసరికి తల్లి ఇంటికి తిరిగి వస్తాడు. పిల్లలు తల్లి ఇంట్లో, మేనమామల సంరక్షణలో పెరుగుతారు. పర్యాటకులకు దీన్ని విచ్చలవిడితనంగా చూపించే ప్రచారం చాలా ఉంది. అసలు విశేషం వేరే చోట ఉంది: పిల్లల బాధ్యత ప్రేమ బంధం మీద కాక తోబుట్టువుల బంధం మీద నిలిచింది. ప్రేమ ముగిసినా ఇల్లు చెదరదు.

దక్షిణ సూడాన్‌లోని న్యూయర్ ప్రజల్లో, వారసులు లేకుండా చనిపోయిన మగవాడి పేరు మీద అతని బంధువు ఒక స్త్రీని పెళ్ళాడవచ్చు. పుట్టే పిల్లలకు తండ్రి ఆ చనిపోయినవాడే. పిల్లలు కలగని స్త్రీ పశువులను కన్యాశుల్కంగా ఇచ్చి మరొక స్త్రీని పెళ్ళాడి, ఆ పిల్లలకు తండ్రి స్థానంలో నిలవవచ్చు. కన్నవాడు, తండ్రి అనే రెండు స్థానాలు వేరు కావచ్చని ఇవి చూపిస్తాయి. దత్తత చట్టం ఉన్న ప్రతి సమాజం ఒప్పుకున్నదీ ఇదే.

వేటాడి బతికేవాళ్ళు ఆదిమ మానవులా?

కాదు. వాళ్ళు మన కాలం మనుషులే. ఆటవిక దశ, అనాగరిక దశ, నాగరికత అనే మెట్ల వరస లూయిస్ హెన్రీ మోర్గాన్ 1877లో రాసినది. ఆ వరసలో అందరికంటే పై మెట్టు రాసేవాళ్ళకే దక్కింది. బోవాస్ దీన్ని గట్టిగా ఎదిరించాడు.

ఆఫ్రికా దక్షిణ భాగంలోని కలహారి ఎడారి ప్రాంతంలో వేటాడి బతికే జుహోన్సీ ప్రజల మధ్య రిచర్డ్ లీ 1960లలో పనిచేశాడు. పెద్ద జంతువును కొట్టి తెచ్చిన వేటగాడిని అక్కడ ఎవరూ పొగడరు. ఎముకల పోగు తెచ్చావు, దీనికోసం ఇంత దూరం రావాలా అన్నట్టు ఎగతాళి చేస్తారు. వేటగాడు కూడా తనకేం దొరకలేదన్నట్టే మాట్లాడాలి. తన బలం చూసుకుని ఒకడు పెద్దరికం చెలాయించకుండా ముందే అణచడం దీని ఉద్దేశం. అందరూ సమానంగా ఉండాలంటే రోజూ ఇంత జాగ్రత్త పడాలి. ఇది ఆలోచించి నడుపుకునే రాజకీయం. ఈ ప్రజలు ఎవరితో సంబంధం లేకుండా వేల ఏళ్ళు ఉండిపోయారనుకోవడం కూడా పొరపాటు. పశువుల కాపరులతో, వ్యాపారులతో వాళ్ళకు చాలా కాలంగా రాకపోకలు ఉన్నాయని తర్వాతి పరిశోధకులు వాదించారు.

సంస్కృతుల తేడాలకు జాతి కారణమా?

కాదు. 1972లో జన్యు శాస్త్రజ్ఞుడు రిచర్డ్ లెవాంటిన్ లెక్కగట్టినదాని ప్రకారం మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహంలోని వ్యక్తుల మధ్యే కనిపిస్తుంది. చర్మం రంగు ముఖ్యంగా అతినీలలోహిత కిరణాల తీవ్రతను బట్టి మెల్లగా మారుతూ పోతుంది, ఎక్కడా గీత గీసినట్టు తెగదు. పుట్టిన బిడ్డను ఏ సమాజంలో పెంచితే ఆ భాష, ఆ నడవడి వస్తాయి. అయితే జాతి అనే భావన వల్ల జరిగే వివక్ష మాత్రం నిజం, దాని ఫలితాలూ నిజం. మానవ శాస్త్రం రెండో విషయాన్ని కూడా చదువుతుంది.

ఈ శాస్త్రానికి వలస పాలనతో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే, దాచడానికి ఏమీ లేదు. న్యూయర్ ప్రజల మీద ఎవాన్స్-ప్రిచర్డ్ చేసిన పరిశోధన అప్పటి ఆంగ్లో-ఈజిప్షియన్ సూడాన్ ప్రభుత్వం కోరి, డబ్బిచ్చి చేయించింది. మ్యూజియాల్లోని ఎన్నో వస్తువులు ఇష్టపూర్వకంగా ఇచ్చినవి కావు. కెనడా పశ్చిమ తీరంలో క్వాక్వాకవాక్వ్ వంటి ప్రజల పాట్‌లాచ్ వేడుకను ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా నిషేధించింది. హోదాను చాటుతూ అతిథులకు సంపద పంచే వేడుక అది. 1921లో జరిపిన ఒక పెద్ద పాట్‌లాచ్ తర్వాత మనుషులను జైలుకు పంపి, ముసుగులను, రాగి ఫలకాలను పట్టుకుపోయారు. ఆ ప్రజలు దశాబ్దాలు పోరాడి వాటిలో చాలావాటిని తిరిగి తెచ్చుకుని, 1980లో అలర్ట్ బేలో ఉమిస్టా సాంస్కృతిక కేంద్రం తెరిచారు. అమెరికాలో 1990 నాటి చట్టం ఆదివాసుల అస్థికలను, పవిత్ర వస్తువులను తిరిగి ఇచ్చే బాధ్యతను మ్యూజియాల మీద పెట్టింది.

తమ ప్రజల గురించి తామే రాసినవాళ్ళు మొదటి నుంచీ ఉన్నారు. మలినోవ్‌స్కీ దగ్గర చదివిన జోమో కెన్యాటా 1938లో తన కికుయు సమాజం గురించి పుస్తకం ప్రచురించి, తర్వాత కెన్యా నాయకుడయ్యాడు. అమెరికా నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్స్‌టన్ బోవాస్ దగ్గర చదివి, తను పెరిగిన ఫ్లోరిడాలోనే జానపద కథలు సేకరించింది. బయటి చూపుతోపాటు ఇలాంటి లోపలి చూపును కూడా మీ జాబితాలో తప్పక చేర్చండి.

దీనివల్ల నిజజీవితంలో ఉపయోగం ఉందా?

కురు వ్యాధి కథ వినండి. పపువా న్యూగినీ తూర్పు కొండల్లో ఫోరే ప్రజలను 1950లలో ఒక వింత జబ్బు చంపుతూ ఉండేది. ఒళ్ళు వణకడం, నడక తప్పడం, కొన్ని నెలల్లో చావు. చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. ఫోరేలు చేతబడి అన్నారు. డాక్టర్లలో కొందరు వంశపారంపర్యం అన్నారు.

1961లో షిర్లీ లిండెన్‌బామ్, రాబర్ట్ గ్లాస్ అక్కడికి వెళ్ళి మానవ శాస్త్రజ్ఞులు చేసే పనే చేశారు. బంధుత్వాలు రాసుకున్నారు, ముసలివాళ్ళను కూర్చోబెట్టి పాత సంగతులు అడిగారు. ఏ ఊళ్ళో ఎవరు మొదట చనిపోయారో పెద్దలకు పేర్లతో గుర్తుంది. అంటే జబ్బు వాళ్ళ జీవితకాలంలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకింది. తరతరాల వంశపారంపర్య జబ్బు అలా పాకదు. చనిపోయిన బంధువుల శరీరాన్ని తినడం అక్కడ శోకాచారంలో భాగం. అది కూడా ఎప్పటినుంచో ఉన్నది కాదు, కొన్ని దశాబ్దాల కిందట వచ్చిందే. తినేది ముఖ్యంగా ఆడవాళ్ళు, వాళ్ళ వెంట ఉండే చిన్నపిల్లలు. జబ్బు ఎవరికి వస్తోందో, ఆచారంలో ఎవరు పాల్గొంటున్నారో రెండూ సరిపోయాయి. 1966లో జబ్బు చింపాంజీలకు సోకుతుందని ప్రయోగంలో తేలింది. ఆ పరిశోధనను నడిపిన డాక్టర్ కార్ల్‌టన్ గజ్డుసెక్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆచారం ఆగిపోయాక పుట్టిన పిల్లల్లో కురు కనిపించలేదు.

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వ్యాపించినప్పుడు కూడా అంతే. శవాన్ని తాకి, కడిగి సాగనంపే ఆచారం ద్వారా వ్యాధి పాకుతోందని తెలిసి అధికారులు శవాలను ప్లాస్టిక్ సంచుల్లో తీసుకెళ్ళిపోతుంటే, కుటుంబాలు రోగులను దాచేశాయి. మానవ శాస్త్రజ్ఞులు, మతపెద్దలు కలిసి చెప్పాక, కుటుంబం ప్రార్థన చేసుకునే వీలు ఉంచుతూ సురక్షితంగా, గౌరవంగా ఖననం చేసే నియమాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది విడుదల చేసింది.

సొంతంగా ఎలా మొదలుపెట్టాలి?

ఒక పరిచయ పాఠ్యపుస్తకం చేతిలో పెట్టుకోండి, కానీ దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవాలని కూర్చోకండి. ఏదో ఒక సమాజాన్ని ఎంచుకుని, దాని మీద వచ్చిన ఎత్నోగ్రఫీ ఒకటి, అంటే ఒక సమాజంలో ఉండి రాసిన పూర్తి వర్ణన, నెమ్మదిగా చదవండి. ప్రపంచంలోని వంద వింత ఆచారాలు తరహా వీడియోలు ఎన్ని చూసినా చదువు రాదు. ఆచారాన్ని దాని మనుషుల నుంచి తెంపి చూపిస్తే మిగిలేది వింత ఒక్కటే.

డాక్యుమెంటరీలను కూడా జాగ్రత్తగా చూడాలి. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ ఇన్యుయిట్ జీవితం మీద తీసిన ప్రఖ్యాత చిత్రంలో కెమెరాకు వెలుతురు కోసం సగమే కట్టిన మంచు ఇల్లు ఉంది. అప్పటికే తుపాకులు వాడుతున్న వేటగాళ్ళ చేత పాతకాలపు ఈటెలతో వేటాడించారు. అందమైన చిత్రమే, కానీ అది 1922 నాటి జీవితం కాదు.

పారిభాషిక పదాలన్నీ బట్టీ పట్టాలా?

అక్కర్లేదు. మాతృవంశం, బహిర్వివాహం, సంక్రమణ సంస్కారం వంటివి చదువుతుంటే వాటంతటవే వస్తాయి.

వేరే సంస్కృతికి చెందిన మనిషిని నేరుగా ప్రశ్నలు అడగవచ్చా?

అడగవచ్చు, ముందు అనుమతి తీసుకుని. దేనికోసం అడుగుతున్నారో, రాసుకుంటే దాన్ని ఏం చేస్తారో చెప్పండి. మీ ప్రజలు ఇలా ఎందుకు చేస్తారు అని అడిగితే ఎవరికైనా తనను బోనులో నిలబెట్టినట్టే ఉంటుంది, వచ్చే జవాబు కూడా పుస్తకాల్లో ఉండేదే. దానికి బదులు, మీ ఇంట్లో పోయినసారి ఇది జరిగినప్పుడు ఎవరెవరు వచ్చారు, ముందు ఏం చేశారు, ఎవరు అలిగారు అని అడగండి. మొదటి పది నిమిషాల్లో వచ్చినదాన్ని ఒక్క మనిషి చెప్పిన మాటగానే రాసుకోండి, మొత్తం జాతి చెప్పినట్టు కాదు. అదే విషయం వయసులో పెద్దవాళ్ళొకరిని, చిన్నవాళ్ళొకరిని, ఒక స్త్రీని, ఒక పురుషుడిని విడివిడిగా అడిగి చూడండి. రాసుకున్నది తిరిగి వాళ్ళకు చదివి వినిపించి, తీసేయమన్నది తీసేయండి.